నాలుగేళ్లకే పిల్లల భవిష్యత్తు చెప్పగలరా?

మీ నాలుగేళ్ల బాబుకు ఆటిజం అని తేలిందనీ, ఇంకా మాటలు రాలేదనీ రాశారు. పెద్దయ్యాక తన పనులు తాను చేసుకోగలడా అని అడిగారు. మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇదే ప్రశ్న నాకూ చాలాకాలం కంటిమీద కునుకు లేకుండా చేసింది.

పరిశోధనల్లో తేలింది దాచకుండా చెబుతాను. ఐదారేళ్లలోపు మాటలు రావడం, మాటలతో అవసరం లేని పరీక్షల్లో కనిపించే తెలివితేటలు, ఈ రెండింటికీ పెద్దయ్యాక గడిపే జీవితంతో సంబంధం ఉందని 1960ల నుంచీ అధ్యయనాలు చెబుతున్నాయి. బ్రిటన్‌లో ప్యాట్రీషియా హౌలిన్ బృందం 2004లో ఆటిజం ఉన్న 68 మంది పెద్దవాళ్ల వివరాలు ప్రచురించింది. చిన్నప్పుడు ఐక్యూ 70కి పైన ఉన్నవాళ్ల పరిస్థితి మొత్తంమీద మెరుగ్గా ఉంది. కానీ వాళ్లలోనూ ఒకరికీ ఇంకొకరికీ పొంతన లేదు. కాబట్టి ఆ అంకెను మీ బాబు జాతకంలా చదవకండి.

మాటల సంగతికొస్తే, అమెరికాలో 2013లో వెలువడిన ఒక అధ్యయనం, ఆటిజం ఉండి నాలుగేళ్లకు రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోయిన 535 మంది పిల్లలను ఎనిమిదేళ్లు దాటాక పరిశీలించింది. వాళ్లలో 70 శాతం మందికి అది వచ్చింది. దాదాపు సగం మంది ధారాళంగా మాట్లాడుతున్నారు.

అయినా నన్నడిగితే మీరు ఈ రోజే పట్టుకోవలసింది సొంత పనులు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆటిజం ఉన్న 41 మందిని చిన్నతనం నుంచి గమనించిన 2009 అధ్యయనంలోనూ రోజువారీ పనులు చేసుకోగలగడానికీ, పెద్దయ్యాక మంచి స్థితిలో ఉండడానికీ గట్టి సంబంధం కనబడింది. మా వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం చివరి నుంచి నేర్పాను. పైవన్నీ నేనే పెట్టి, అడుగు గుండీని కాజాలోకి సగం దూర్చి వదిలేసేదాన్ని. మిగతా సగం వాడు లాగేవాడు. అది చేతికి అలవాటయ్యాక ఆ గుండీ మొత్తం వాడిదే, తర్వాత దాని పైది కూడా. పళ్లు తోముకోవడం, కంచం కడగడం అన్నీ ఇలాగే వచ్చాయి. మూడు విజిళ్లకు స్టవ్ కట్టేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు, లెక్కపెట్టడమంటే వాడికి ప్రాణం. ఇప్పటికీ రెండు మూడు మాటల్లోనే మాట్లాడతాడు. కానీ స్నానానికీ, బట్టలకూ ఎవరి కోసమూ చూడడు.

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాసినప్పుడు వర్ణించిన మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్‌కూ లెక్కపెట్టడం ఇష్టమే. కొంతకాలం ఆయనను తమ దగ్గర ఉంచుకున్న రైతు దంపతులు, మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టుకుంటూనే దున్నే పని అప్పజెప్పారు. తర్వాత ఆయన మిసిసిపీలోని తన ఊళ్లోనే బ్యాంకులో పనిచేశారు, కారు నడిపారు, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ బ్యాంకు సొంత కుటుంబానిది, ఊరివాళ్లు ఆయనను తమవాడిగా చూసుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే ఈ బలాన్ని ఏ ఐక్యూ పరీక్షా కొలవదు.

వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, ఇంకా తీసుకోకపోతే దరఖాస్తు చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీలకూ అందులో కొంత వస్తుంది. హైదరాబాద్ దగ్గరలో ఉంటే సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో చూపించండి.

దాహం వేస్తే మీ బాబు ఎలా తెలియజేస్తాడు? చేయి పట్టుకుని లాగుతాడా, గ్లాసు తెచ్చిస్తాడా, ఏడుస్తాడా? అది రాస్తే ఎక్కడ మొదలుపెట్టవచ్చో చెబుతాను.