వెన్నులో మత్తు సూది: నడుము నొప్పి భయం కన్నా ముందు చూడాల్సింది ఆ మాత్ర

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయిస్తున్నాం. వెన్నులో మత్తు ఇస్తామని, దాంతోపాటు ఎపిడ్యూరల్ కూడా పెడతామని చెప్పారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? వెన్నుకు సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి తప్పదని బంధువులు భయపెడుతున్నారు. ఆపరేషన్ మధ్యలో మత్తు దిగిపోతే ఎలా అని అమ్మకు ఒకటే టెన్షన్. ఆమె బీపీ మాత్రలు వాడుతుంది. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి క్లోపిడోగ్రెల్ కూడా వేసుకుంటోంది.
- ఓ పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో మాటవరసకు రాసిన మందు గురించే ముందు చెప్పాలి. క్లోపిడోగ్రెల్ రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. దాని ప్రభావం ఉండగా వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం చేరి నరాలను నొక్కే ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదు. కానీ జరిగితే కాళ్లు చచ్చుబడొచ్చు. అందుకే మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందే ఈ మాత్ర ఆపిస్తారు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, స్టెంట్ మూసుకుపోయే ముప్పు ఉంటుంది. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరు, మత్తు డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి. ఆస్పిరిన్ ఒక్కటే వాడేవారికి సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు.

ఇక తేడా సంగతి. వెన్నుపాము చుట్టూ నీళ్లలాంటి ద్రవం, దాని చుట్టూ ఒక పొర ఉంటాయి. మీకు వెన్నులో మత్తు అని చెప్పింది స్పైనల్. ఇందులో చాలా సన్నని సూదితో పొర దాటి, ఆ ద్రవంలోకే మందు ఇస్తారు. 2, 3 మిల్లీలీటర్లు చాలు. కొద్ది నిమిషాల్లోనే నడుము కింది భాగం మొద్దుబారుతుంది, కాళ్లు కదపలేరు. ఎపిడ్యూరల్‌లో సూది పొర బయటే ఆగుతుంది. అక్కడ సన్నటి గొట్టం ఉంచి సూది తీసేస్తారు. మందు ఎక్కువ కావాలి, పనిచేయడానికి 15, 20 నిమిషాలు పడుతుంది. కానీ గొట్టం ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లయినా మందు ఇవ్వొచ్చు. కాన్పు నొప్పులకు దీన్ని వాడేది అందుకే. మోకాలి ఆపరేషన్‌లో అసలు బాధ తర్వాతి ఒకటి రెండు రోజులు. మీ అమ్మగారికి ఎపిడ్యూరల్ పెడతామన్నది ముఖ్యంగా దానికోసమే అయ్యుంటుంది.

మత్తు మధ్యలో దిగుతుందన్న భయానికీ జవాబు ఇందులోనే ఉంది. స్పైనల్ ప్రభావం దాదాపు రెండు మూడు గంటలు ఉంటుంది. ఆపరేషన్ ఇంకా సాగితే గొట్టం ద్వారా మందు ఇస్తారు. అదీ చాలకపోతే పూర్తిగా నిద్రపుచ్చుతారు. మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారు.

నడుము నొప్పి విషయంలో మీ బంధువులది అపోహే. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు, అంతే. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది వేసేది దానికి కింద. సిజేరియన్ అయినవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఆ సూదినే తిట్టుకుంటారు గానీ, గర్భంతో నడుముపై పడిన భారం, బిడ్డను ఎత్తుకుని వంగి చేసే పనులు ఎవరికీ గుర్తుండవు!

నిజంగా రాగలిగేది తలనొప్పి. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గడం దాని గుర్తు. సన్నని సూదులు వచ్చాక బాగా తగ్గింది, పెద్ద వయసువారిలో ఇంకా తక్కువ. చాలావరకు కొద్ది రోజుల్లో అదే పోతుంది, పోకపోతే చికిత్స ఉంది. మత్తు ఇచ్చాక బీపీ పడిపోవడం, వణుకు, కొన్ని గంటలు మూత్రం రాకపోవడం మామూలే. వాడే బీపీ మాత్రల పేర్లన్నీ ముందే చెప్పండి, కొన్నింటిని ఆపరేషన్ రోజు ఆపమంటారు. నడుముకే కదా మత్తు అని టిఫిన్ పెట్టకండి, ఖాళీ కడుపు నియమం దీనికీ ఉంది.

ఆపరేషన్ తర్వాత చెప్పిన సమయానికి కాళ్లలో కదలిక రాకపోయినా, వచ్చిన స్పర్శ మళ్లీ పోయినా, నడుములో తీవ్రమైన నొప్పి మొదలైనా ఉదయం రౌండ్స్ వరకు ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే నర్సును పిలిచి, వెంటనే డాక్టరుకు కబురు చేయించండి.