ఏఆర్ఆర్ఎల్, జేఏఆర్ఎల్, ఏఆర్ఎస్ఐ: హ్యామ్ రేడియోలో ఈ పేర్లన్నీ ఏమిటి?

నల్లగొండలో డిగ్రీ చదువుతూ హ్యామ్ రేడియో (అంటే సరదా కోసం సొంత రేడియో సెట్‌తో ఇతరులతో మాట్లాడే అమెచ్యూర్ రేడియో) నేర్చుకుంటున్న మీరు, ఈ పేర్లేమిటి, లైసెన్స్ కావాలంటే వీటిలో దేంట్లో చేరాలి అని అడిగారు.

ఇవన్నీ ఆయా దేశాల హ్యామ్‌ల, అంటే హ్యామ్ రేడియో వాడేవారి, జాతీయ సంఘాలు. పేరు చూస్తే ఆ సంఘం పుట్టిన కాలం తెలిసిపోతుంది. అప్పట్లో రేడియోను వైర్‌లెస్ అనేవారు; 1910లో మొదలైన ఆస్ట్రేలియా సంఘం ఇప్పటికీ 'వైర్‌లెస్ ఇన్‌స్టిట్యూట్'. బ్రిటన్‌ది 1913లో లండన్ వైర్‌లెస్ క్లబ్‌గా మొదలై, తర్వాత రేడియో సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ అయింది. అమెరికా సంఘం పేరు నాకు చాలా ఇష్టం: అమెరికన్ రేడియో రిలే లీగ్, అంటే ఏఆర్ఆర్ఎల్. 1914 నాటి సెట్లకు అంత దూరం అందేది కాదు. అందుకే ఒక ఊరి హ్యామ్ సందేశం విని రాసుకుని, పక్క ఊరి హ్యామ్‌కు పంపేవాడు. ఆ 'రిలే' పేరులో అలాగే ఉండిపోయింది. జపాన్‌ది జేఏఆర్ఎల్ (జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్), 1926 నాటిది.

మన దేశం తరఫున అంతర్జాతీయ సమాఖ్య ఐఏఆర్‌యూలో సభ్యత్వం ఉన్నది అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా, అంటే ఏఆర్ఎస్ఐ. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వేరే సంస్థ. రెండింటి పేర్లూ దగ్గరగా ఉండటంతో చాలామంది కలిపేసుకుంటారు.

లైసెన్స్ కోసం టెన్షన్ పడి ఏ సంఘంలోనూ చేరనక్కర్లేదు. పరీక్ష, లైసెన్స్ రెండూ కేంద్ర టెలికాం శాఖ చూసుకుంటుంది. పరీక్షలో రెండు స్థాయిలు: రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పాసైతే వీయూ3తో, జనరల్ గ్రేడ్ అయితే వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో మిమ్మల్ని గుర్తించే కోడ్) వస్తుంది. సంఘం అవసరం ఆ తర్వాతే. విదేశీ హ్యామ్‌తో మాట్లాడినట్టు రుజువుగా తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ రాసిన క్యూఎస్ఎల్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవడానికి జాతీయ సంఘం బ్యూరో (కార్డులను అటూ ఇటూ చేర్చే విభాగం) బాగా ఉపయోగపడుతుంది.