మాలపల్లి, ఛ మాణ ఆఠ గుంఠ: ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చదవండి

మీరు అడిగింది 1900 నుంచి 1940 లోపు వచ్చిన పాత నవలల్లో ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏవి చదవాలి, ఉత్త పేర్లు కాదు చదివినవాళ్ళు వాళ్ళ అనుభవం చెప్పండి అని. నేను ముఖ్యంగా రెండే చెప్తాను. ఒకటి ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి, తెలుగు. రెండోది ఫకీర్ మోహన్ సేనాపతి గారి ఛ మాణ ఆఠ గుంఠ, ఒడియా. ఈ రెండూ కలిపి చదవమని ఎందుకు అంటున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది ఒడ్డున ఊరు, పక్కనే పాతపట్నం, అక్కడినుంచి ఆంధ్రా. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, బజార్లో ఎవరు ఏది మాట్లాడితే అది. నేను చదివింది ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు అమ్మ పెద్దబాలశిక్ష పెట్టి నేర్పింది. నాన్న టైలర్. ఆయనకి తెలుగు బాగా వచ్చు, ఒడియా మాట్లాడతాడు కానీ చదవలేడు, బోర్డులు కూడా కూడబలుక్కుని చదువుతాడు. మా ఊళ్ళో ఆయన వయసు వాళ్ళు ఇలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు.

మాలపల్లి మా ఇంట్లో రేకు పెట్టెలో ఉండేది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, మొదలు ఎక్కడో మధ్యలోనే. నాన్న దాన్ని మిషన్ నూనె మరకలు పడ్డ పాత గుడ్డలో చుట్టి ఉంచేవాడు. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తీశాను, ఏ పుస్తకమో కూడా తెలీదు, పేజీ పైన పేరు చూసి తెలుసుకున్నా. మొదటి ఇరవై పేజీలు ఎవరు ఎవరో అర్థం కాలేదు, తర్వాత రామదాసు ఇల్లు, అతని భార్య మహాలక్ష్మి, కొడుకులు సంగదాసు, వెంకటదాసు, కూతురు జ్యోతి అందరూ మా వీధిలో వాళ్ళలాగే అయిపోయారు. మాలపిల్ల అని 1938లో వచ్చిన సినిమా వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు, చాలామంది కలిపేస్తారు కాబట్టి చెప్తున్నా.

తర్వాత తెలిసింది ఏంటంటే ఉన్నవ గారు ఈ నవల జైల్లో కూర్చుని రాశారు. పల్నాడు పుల్లరి (అడవిలో పశువుల్ని మేపుకునే పన్ను) సత్యాగ్రహంలో అరెస్టయి రాయవేలూరు జైల్లో ఉన్నప్పుడు. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక కానీ ఆ నిషేధం పూర్తిగా పోలేదు. అప్పటికి ఒరిస్సా ఏర్పడి ఏడాది (1936 ఏప్రిల్ 1). అంతకుముందు మా ఊరు గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. అంటే 1936 దాకా ఆ పుస్తకం మీద ఉన్న నిషేధం మా ఊరికి కూడా నిషేధమే అన్నమాట. పెట్టెలో గుడ్డలో చుట్టి దాచిన పుస్తకం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, మా కాపీ అంత పాతది కాకపోయినా సరే.

కథ మొత్తం చెప్పను. మంగళాపురం అనే ఊరు, అక్కడ మాలపల్లెలో ఒక భక్తిగల రైతు కుటుంబం, చౌదరయ్య అనే పెద్ద భూస్వామి, ఆయన కొడుకు రామానాయుడికి సంగదాసుతో స్నేహం. చౌదరయ్య కోపంలో కొట్టిన దెబ్బకి సంగదాసు చనిపోతాడు. అక్కడినుంచి ఆ కుటుంబం ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటుంది, భూమి, ఇల్లు, మనుషులు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడు పేరుతో బందిపోటు అవుతాడు, ఉన్నవాళ్ళ దగ్గర తీసుకుని లేనివాళ్ళకి పంచుతాడు. మధ్యలో చర్చలు, ఉపన్యాసాలు చాలా పొడుగ్గా వస్తాయి, నిజమే, నేను కూడా మొదటిసారి కొన్ని దాటేశాను. కానీ మనుషులు మాట్లాడుకునే చోట మాత్రం ఒక్క లైను దాటొద్దు. 1922లో పుస్తకాల్లో గ్రాంథికం రాస్తున్న రోజుల్లో ఆయన గుంటూరు పల్లెల్లో నోటికి వచ్చే మాటని అలాగే పెట్టాడు.

ఈ విషయం మా ఊరివాడిగా నాకు ఇంకా దగ్గర. వాడుక భాషలో రాయాలి, చదువు చెప్పాలి అని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే, రాజావారి స్కూల్లో. సవరల భాష నేర్చుకున్నదీ ఇక్కడినుంచే. 1936లో ఊరు ఒరిస్సాలోకి వెళ్ళాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం అని అంతా ఫోటోకి దండలు వేస్తారు కదా, ఆయన కొట్లాట ఎందుకో తెలియాలంటే మాలపల్లిలో మహాలక్ష్మి మాటలు నాలుగు పేజీలు పైకి చదవండి, తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండోది. ఛ మాణ ఆఠ గుంఠ 1897 నుంచి 99 దాకా ఉత్కళ సాహిత్య పత్రికలో సీరియల్‌గా వచ్చి 1902లో పుస్తకమైంది, కాబట్టి మీరు అడిగిన కాలంలోకే వస్తుంది. ఫకీర్ మోహన్ గారు బాలాసోర్ మనిషి, ఒడిశా సంస్థానాల్లో దివానుగా పనిచేశారు, శిస్తు, తనఖా, కోర్టు వ్యవహారం అన్నీ దగ్గరనుంచి చూసినాయన. ఒడియా అసలు వేరే భాషే కాదు అని వాదించేవాళ్ళు ఉన్న రోజుల్లో ఆ భాష కోసం నిలబడ్డాయన కూడా. మాణం అంటే దాదాపు ఎకరం, పాతిక గుంటలు ఒక మాణం. ఆరు మాణాల ఎనిమిది గుంటలు, అంటే ఆరెకరాల పైన ఇంకో మూడో వంతు. నవల పేరే భూమి కొలత.

నేను ఇది డిగ్రీలో ఉండగా చదివి, నాన్నకి చెప్పాలనిపించి, రాత్రి అన్నాలు అయ్యాక అరుగు మీద కూర్చుని ఒడియాలో ఒక పేరా నాలో చదువుకుని తెలుగులో పైకి చెప్పేవాణ్ణి. పేరు చెప్పగానే నాన్న "ఏటి, ఎనిమిది మంది గుంటలా?" అన్నాడు, మా వైపు గుంట అంటే చిన్నపిల్ల కదా. కాదు నాన్నా, భూమి గుంటలు అన్నాను. ఓహో అని సర్దుకుని కూర్చున్నాడు.

మొదట్లోనే రామచంద్ర మంగరాజు గురించి వస్తుంది. జమీందారు, వడ్డీ వ్యాపారి. ప్రతి ఏకాదశికీ ఉపవాసం, రోజంతా నీళ్ళు, నాలుగు తులసాకులు తప్ప ఇంకేం ముట్టడు అంటాడు రచయిత, చాలా భక్తిగా. వెంటనే ఇంకో మాట, ఏకాదశి రాత్రి అయ్యగారి పడకగదిలో పెద్ద కుండ నిండా పాలు, అరటిపళ్ళు, కొంచెం పేలాలు, పటికబెల్లం పెడతారని, తెల్లారి ఖాళీ కుండ తీసి కడిగేది తనేనని మంగలి జగా నోరు జారాడు అని. ఆ తర్వాత కూడా రచయిత మంగరాజుని ఒక్క మాట అనడు, పైగా సమర్థిస్తున్నట్టే రాసుకుంటూ పోతాడు, చదివేవాళ్ళకి మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇలా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుస్తుంది. నూట పాతికేళ్ళ కింద రాసింది ఇప్పటికీ అలాగే తగులుతుంది.

భగియా, సారియా అని నేతపని చేసుకునే మొగుడూపెళ్ళాలు. పిల్లలు లేరు. వాళ్ళకున్నది ఆ ఆరు మాణాల ఎనిమిది గుంటలు, నేత అనే ఒక ఆవు. మంగరాజు కన్ను ఆ భూమి మీద పడుతుంది. అతని ఇంట్లో ఉండే చంపా అనే ఆడమనిషి ద్వారా పన్నాగం, ఊరి అమ్మవారు బుఢీమంగళ పలికినట్టు దొంగమాటలు వినిపించి, గుడి కట్టిస్తే పిల్లలు పుడతారని నమ్మిస్తారు. గుడికి డబ్బు కావాలి, డబ్బుకి భూమి తనఖా. భూమి పోయింది, ఆవు కూడా పోయింది. నేను ఇక్కడికి వచ్చేసరికి నాన్న "అమ్మోరి పేరు సెప్పి కూడా సేత్తారా ఇలగ" అని లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. మళ్ళీ చదువు అన్నాడు. ఒకే పేజీ మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మా తాతకి కూడా కొంచెం భూమి ఉండేదని నాకు చిన్నప్పటినుంచి తెలుసు, మా పెద్దత్త పెళ్ళికి ఒక షావుకారి దగ్గర తనఖా పెడితే పోయిందని కూడా తెలుసు. కానీ ఎంత, ఎక్కడ, ఎలా పోయింది అని ఎవరూ చెప్పేవారు కాదు, అడిగితే నాన్న మాట మార్చేసేవాడు. కాగితం ఒడియాలో రాసి ఉంటే తాత చదవలేక వేలిముద్ర వేశాడని, అందులో రాసిన గడువు ఒకటీ ఆయనకి నోటితో చెప్పింది ఇంకొకటీ అని నాకు ఆ రాత్రులే తెలిసింది. నవల చివర్లో మంగరాజు చావుబతుకుల్లో ఉన్నప్పుడు అతని నోట్లోంచి వచ్చే ఆఖరి మాట కూడా అదే, ఛ మాణ ఆఠ గుంఠ. అది చెప్పి పుస్తకం మూశాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా "మనది రెండెకరాల పదకొండు సెంట్లు" అన్నాడు. అంతవరకూ ఆ లెక్క ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

అందుకే రెండూ కలిపి చదవమంటున్నా. మాలపల్లిలో భూమి పోయినవాళ్ళ ఇంట్లో కూర్చుని చూస్తాం, ఫకీర్ మోహన్ దగ్గర భూమి లాక్కున్నవాడి గుమ్మంలో నిలబడి చూస్తాం. ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్తా. చలం గారి మైదానం (1927) చిన్నది, ఒక్క రోజులో అయిపోతుంది, కథానాయిక రాజేశ్వరి మీద మీకు కోపం రావచ్చు, జాలి రావచ్చు, పుస్తకం మాత్రం మధ్యలో వదల్లేరు. మొక్కపాటి వారి బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం (1924) ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పైకి చదవండి, మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కునే చోట మా అమ్మ నవ్వలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్వనాథ వారి వేయిపడగలు పెద్ద సముద్రం, ఆయన ఆలోచనలతో నేను చాలాచోట్ల ఒప్పుకోను, అయినా ఆ తెలుగు కోసం చదవాలి, కానీ మొదటి పుస్తకంగా మాత్రం వద్దు. అడివి బాపిరాజు గారి నారాయణరావుకీ దానికీ కలిపి ఆంధ్రా యూనివర్సిటీ బహుమతి ఇచ్చారు, నాకు నారాయణరావు సగం వరకే నచ్చింది. టాగూర్ గోరా (1910) అనువాదంలో చదివాను, వాదనలు ఎక్కువ, ఓపికుంటే తీసుకోండి.

మాలపల్లి పాత ప్రింట్ల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, అక్షరాలు కొంచెం మసకగా ఉంటాయి, ఫోన్‌లో కంటే పెద్ద స్క్రీన్ మీద చదవడం మంచిది. ఒడియా రానివాళ్ళు ఫకీర్ మోహన్‌ని ఇంగ్లీషులో చదవొచ్చు, 2005లో మంచి అనువాదం వచ్చింది. మాలపల్లిలో ఉపన్యాసాలు బరువనిపిస్తే పుస్తకం మూసేయకండి, అవి వదిలేసి జైలు భాగానికి వెళ్ళిపోండి, అది అయ్యాక వదిలేసినవి మీరే వెనక్కి వచ్చి చదువుకుంటారు, నేను అలాగే చదివాను.