ఫలానా వడగాడ్పుకు మనుషులే కారణమని శాస్త్రవేత్తలు ఎలా తేలుస్తారు?

"మనుషులే కారణం" అనే కన్నా "మన వల్ల ముప్పు ఎంత పెరిగింది" అని అడగడం సరైనది. కంప్యూటర్ మోడల్స్‌లో రెండు భూములను పోలుస్తారు: ఒకటి ఇప్పటిది, రెండోది మనం బొగ్గు, పెట్రోలు మండించి వదిలిన కార్బన్ డయాక్సైడ్ లేనిది. అంతటి ఎండ ఆ రెండింటిలో ఎన్నేళ్లకోసారి వస్తుందో లెక్కగడతారు, పాత రికార్డులతో సరిచూస్తారు. 2003 యూరప్ వడగాడ్పు ముప్పు మన వల్ల కనీసం రెట్టింపై ఉంటుందని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. 2021లో కెనడాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు! భూమి వేడెక్కకపోతే అంత ఎండ దాదాపు అసాధ్యమన్నారు. ఆ సంఖ్య చూస్తే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. ఇక వానల సంగతి: ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, కాబట్టి కుండపోత వానలు ఇంకా జోరుగా పడతాయి. టోర్నడోల గురించి మాత్రం ఇంత గట్టిగా చెప్పలేం.