పార్కింగ్ డబ్బులు ఎగ్గొట్టడం: ఏది తెలివి, ఏది తప్పు

తమ్ముడూ, నెల్లూరు నుంచి చెన్నై వాటర్ పార్కుకి కార్లలో పోతున్నామని, లోపల రుసుము కట్టకుండా పక్క హోటల్ ఆవరణలోనో సర్వీస్ రోడ్డు మీదో పెట్టమని మీ బావ అంటున్నాడని, అది తప్పా అని అడిగావు.

హోటల్ స్థలం అక్కడ తినేవాళ్లది. ఒక కాఫీ తాగి సాయంత్రం దాకా కారు వదిలేస్తే దెబ్బ తగిలేది పార్కుకి కాదు, ఆ హోటల్ బేరానికి. మేనేజర్‌ని అడుగు. ఒప్పుకుంటే ఏదో ఒకటి ఇచ్చి పెట్టుకో, అప్పుడిక పేచీ లేదు. బయటికెళ్లేవాళ్ల పార్కింగ్ చీటీ తీసుకుని మనదేనని చూపించడం మాత్రం పచ్చి అబద్ధం.

సర్వీస్ రోడ్డు ఇంకా అధ్వాన్నం. రాకపోకలకు అడ్డంగా బండి వదలడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కిందికి వస్తుంది. 177 ప్రకారం మొదటిసారి 500 రూపాయలు, మళ్లీ దొరికితే 1,500 దాకా జరిమానా. 127 కింద బండిని లాక్కెళ్తే ఆ ఖర్చు కూడా మీ నెత్తినే. ఇంతా చేసి బావ మిగిల్చేదెంత?

పెద్దవాళ్లనీ పిల్లల్నీ గేటు దగ్గర దించి, దూరంగా తక్కువ తీసుకునే చోట పెట్టుకోవడంలో తప్పేం లేదు. రెండు కార్లకు బదులు ఒక్కదాంట్లో సర్దుకుంటే రుసుము సగమే.

కట్టాక చీటీ కార్లో వదలొద్దు, ఫోటో కూడా తీసుకో. తాళాలు వాళ్లే తీసుకునే చోట, 'బాధ్యత బండి యజమానిదే' అని రాసున్నా, తమ నిర్లక్ష్యం వల్ల బండి పోతే హోటల్ తప్పించుకోలేదని 2019లో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాళం నీ జేబులోనే ఉంటే వాదన అంత తేలిక కాదు.