తప్పు ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాడని కోడింగ్ మాన్పిస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తూ, పైథాన్ లైబ్రరీ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి నకిలీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాడు. వెంటనే టీమ్ లీడ్‌కి వాడే చెప్పాడు. వాళ్లు లాప్‌టాప్ తీసుకుని, పాస్‌వర్డ్‌లన్నీ మార్పించారు. ఇంటర్న్‌షిప్ అయితే కొనసాగుతోంది. వీడి పేరు బ్లాక్‌లిస్టులో పడుతుందా? నేను మేనేజర్‌తో మాట్లాడనా? మా బంధువు ఒకాయన కోడింగ్ మాన్పించి ఆరు నెలల సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్చమంటున్నారు. ఫీజు లక్షన్నర. పది వేలు అడ్వాన్స్ కట్టేశాం. డెవలపర్ ఉద్యోగమా, సైబర్ సెక్యూరిటీయా, ఏది మంచిదో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందుగా, మేనేజర్‌కి ఫోన్ చేయకండి. మీ అబ్బాయి తన తప్పు తానే చెప్పుకుని సగం గౌరవం నిలబెట్టుకున్నాడు. నాన్న ఫోన్ చేస్తే అది కాస్తా పోతుంది. బ్లాక్‌లిస్టు భయం కూడా వదిలేయండి. ఉద్యోగంలో చేర్చుకునేముందు చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ముఖ్యంగా చూసేది సర్టిఫికెట్లు అసలువా, చూపించిన అనుభవం దొంగదా అని. ఇంటర్న్ టైపింగ్ తప్పుల చిట్టా ఎవరూ రాసిపెట్టుకోరు. వద్దనుకుంటే ఆ కంపెనీ మర్నాడే పంపించేసేది.

అసలేం జరిగిందో మీకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. ప్రోగ్రామర్లు ప్రతిదీ మొదటి నుంచి రాసుకోరు. ఎవరో రాసి ఉచితంగా పెట్టిన రెడీమేడ్ కోడ్‌ను, అంటే లైబ్రరీలను, పైపీఐ (పైథాన్‌కి), ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్‌కి) లాంటి ఆన్‌లైన్ గిడ్డంగుల నుంచి ప్యాకేజీలుగా తెచ్చుకుంటారు. అక్కడ ఎవరైనా ఖాతా తెరిచి, ఖాళీగా ఉన్న దాదాపు ఏ పేరుతోనైనా ప్యాకేజీ పెట్టవచ్చు. పేరున్న కంపెనీ విత్తనాల ప్యాకెట్‌ను పోలినట్టే ఒక అక్షరం మార్చి నకిలీవి అమ్మేవాళ్లను మీరు చూసే ఉంటారు, ఇదీ అదే మోసం. కాకపోతే ఇక్కడ పంట దాకా ఆగక్కర్లేదు. ఇలాంటి చాలా నకిలీ ప్యాకేజీల్లో ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడే లోపలి కోడ్ నడిచిపోతుంది. ప్రోగ్రామ్ ఇంకా మొదలుపెట్టకముందే కంప్యూటర్‌లోని పాస్‌వర్డ్‌లు, కీలు (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్‌లు) బయటకు వెళ్లిపోవచ్చు.

దీనికి తెలివితక్కువవాళ్లే దొరుకుతారని అనుకోకండి. 2016లో జర్మనీలోని హాంబర్గ్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు డిగ్రీ థీసిస్ కోసం, ఎవరికీ హాని చేయని నకిలీ ప్యాకేజీలను ఇలాంటి పేర్లతో 200కు పైగా పెట్టి చూశారు. 17,000కు పైగా కంప్యూటర్లలో ఆయన కోడ్ నడిచింది. 2017లో ఎన్‌పీఎంలో ‘క్రాస్-ఎన్వ్’ అనే లైబ్రరీకి మధ్యలో గీత తీసేసి ఎవరో నకిలీ పెట్టారు. దాన్ని దించుకున్నవాళ్ల కంప్యూటర్లలో రహస్య కీలుండే సెట్టింగులు దొంగ సర్వర్‌కు చేరాయి. పైపీఐలో ‘జెల్లీఫిష్’ అనే లైబ్రరీ పేరులోని చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టిన నకిలీ దాదాపు ఏడాది పాటు ఎవరి కంటా పడకుండా ఉండి, 2019 డిసెంబరులో దొరికింది. చాలా ఫాంట్లలో ఆ రెండు అక్షరాలకూ తేడా కనబడదు. నాకు మరీ ఉక్రోషం తెప్పించేది ‘కలరామా’. అసలు లైబ్రరీ పేరులో ‘కలర్’ మాటకు అమెరికన్ స్పెల్లింగ్ (color) ఉంటుంది. నకిలీ పెట్టినవాడు బడిలో మనం నేర్చుకునే బ్రిటిష్ స్పెల్లింగ్‌లో, యూ అక్షరం చేర్చి పెట్టాడు. మనవాడు స్పెల్లింగ్ సరిగ్గా రాసి మరీ మోసపోతాడు!

ఇప్పుడు మీ బంధువు సలహా. ఏ కోర్సు గాలి వీస్తే అటు పరుగెత్తే ఇళ్లను చాలా చూశాను. ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ వంతు. ఆ రంగం బూటకమని నేననను, పని నిజంగానే ఉంది. కానీ ఆరు నెలల కోర్సుతో ఫ్రెషర్‌కి సాధారణంగా దొరికేది షిఫ్టుల్లో కూర్చుని స్క్రీన్ మీద వచ్చే అలర్టులు చూసే ఉద్యోగం. దానికీ పోటీ గట్టిగానే ఉంది. ఇలాంటి నకిలీ ప్యాకేజీలను పట్టుకునేవాళ్లు ఎవరనుకుంటున్నారు? కోడ్ చదవగలిగినవాళ్లు. వాళ్లలో డెవలపర్లుగా కొన్నేళ్లు చేసి అటు వెళ్లినవాళ్లు చాలామంది. కోడింగ్ మాన్పించి సెక్యూరిటీలో చేర్చడమంటే ఆ దారి మూసేయడమే. సంస్థ వాళ్లు చూపించే ప్లేస్‌మెంట్ ఫొటోల్లో ఎంతమందికి ముందే రెండు మూడేళ్ల అనుభవం ఉందో ఒక్కసారి అడగండి, ముఖం చూస్తే తెలిసిపోతుంది.

పోల్చి చెప్పమన్నారు. మీవాడి విషయంలో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు. డిగ్రీ పూర్తిచేసి, డెవలపర్‌గా చేరి, సెక్యూరిటీని పక్కనే నేర్చుకోవాలి. లైనక్స్ ఫౌండేషన్ సురక్షితమైన సాఫ్ట్‌వేర్ రాయడం మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఇస్తోంది. బీటెక్ అయ్యాక కూడా ఆసక్తి ఉంటే సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్‌లో సెక్యూరిటీ పీజీ డిప్లొమా చేయవచ్చు. మన దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024లో, ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా రాసి ఉంచాలంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఈ జాగ్రత్త ఇక మామూలు డెవలపర్ పనిలోనూ ఒక భాగమే.

అబ్బాయికి నా మాటగా చెప్పండి. ప్యాకేజీ పేరు చేత్తో కొట్టకుండా అసలు ప్రాజెక్టు పేజీ నుంచి కాపీ చేసుకోవాలి. వెర్షన్లు, హ్యాష్‌లు (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్‌లు) లాక్ చేసుకోవాలి. కొత్తదైతే కీలు, పాస్‌వర్డ్‌లు లేని కంటైనర్‌లో, అంటే మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసిన చోట, ముందు చూడాలి. ఏఐ చెప్పిన పేరైతే రెట్టింపు అనుమానించాలి. కోడ్ రాసే 16 ఏఐ మోడళ్లను పరీక్షించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు ఐదో వంతు అసలు లేనివే. ఆ లేని పేర్లను ముందే కాచుకుని నమోదు చేస్తే చాలు, మోసగాడి పని తేలికవుతుంది. జరిగినదంతా ఒక పేజీలో రాసి పెట్టుకోమనండి: ఏం కొట్టాడు, ఎలా గమనించాడు, ఎవరికి చెప్పాడు, ఏం మార్చారు. ఇంటర్వ్యూలో ఎదురైన సమస్య చెప్పమంటే ఇంతకంటే మంచి జవాబు ఉండదు. కంపెనీ పేరు, లోపలి వివరాలు మాత్రం రాయకూడదు.

మీకు కోపం వచ్చినా సరే, ఒక మాట అంటాను. మీ ఉత్తరంలో మీ భయం, మీ బంధువు, మీ అడ్వాన్స్ గురించి ఉంది. ‘వాడికి ఏం చేయాలని ఉంది’ అన్న వాక్యం ఒక్కటి లేదు. వాడు తప్పును దాచకుండా చెప్పాడు. చెప్పినందుకు చదువే మార్చేస్తే, ఈసారి మీకూ చెప్పడు, టీమ్ లీడ్‌కీ చెప్పడు. ఈ పనిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇవాళ వాడికి ఫోన్ చేసి, భోజనం చేశావా అని అడిగి, చెప్పి మంచి పని చేశావురా అనండి. కోర్సు ఊసెత్తకండి.

అడ్వాన్స్ సంగతికి వాణ్ణి పంపకండి, రసీదు పట్టుకుని మీరే వెళ్లండి. క్లాసులు ఇంకా మొదలుకాకపోతే ఆ మాటే చెప్పి, తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పది వేలు రాకపోయినా, దాని కోసం మిగతా లక్షా నలభై వేలు మాత్రం కట్టకండి.