‘లా లా ల్యాండ్’కి నా లిస్టులో ఏడో స్థానం

2010 నుంచి 2019 దాకా వచ్చిన సినిమాల్లో ‘లా లా ల్యాండ్’కి ఎన్నో స్థానం ఇస్తారని అడిగారు. లాస్ ఏంజిలిస్‌లో నటి కావాలని తిరిగే మియాకీ, జాజ్ సంగీతం పియానో మీద వాయించే సెబాస్టియన్‌కీ మధ్య పాటలతో సాగే హాలీవుడ్ ప్రేమకథ ఇది. నా లెక్కలో ఏడు. ఇది ఒక్కరోజులో తేలిన అంకె కాదు లెండి. 2016 డిసెంబర్‌లో మొదటిసారి చూసి బయటికొచ్చిన రాత్రి కళ్ళు మూసుకుని ఒకటో నంబరు ఇచ్చేశాను. మూడు నెలలు తిరక్కుండానే ఇరవై దాటించాను. 2019 వేసవిలో మా నాన్న పక్కన కూర్చుని మళ్ళీ చూశాక ఆరు దగ్గర కుదురుకుంది. ఆ ఏడాది చివర్లో ‘పారసైట్’ వచ్చి దాన్ని ఒక మెట్టు కిందికి దించింది.

నాకు ఈ సినిమా మీద కొంత సొంతూరి మమకారం ఉంది, అది ముందే ఒప్పేసుకుంటాను. అప్పట్లో లాస్ ఏంజిలిస్ పక్కనే పాసడీనాలో ఉండేవాణ్ణి. సినిమాలో మియా, సెబాస్టియన్ పాత సినిమా చూడ్డానికి కలుసుకునే రియాల్టో థియేటర్ మాకు దగ్గర్లో, సౌత్ పాసడీనాలో ఉంది. అది 2007లోనే మూతపడింది. రోజూ చీకటిగా చూసే హాలు తెర మీద దీపాలతో వెలుగుతుంటే ఎలా ఉంటుందో మీ ఊళ్ళో మూతపడిన టాకీసుని తలుచుకుంటే తెలుస్తుంది. కాసేపటికి మియా కారులో అటుగా వెళ్తుంటే అదే థియేటర్ మూసేసి కనిపిస్తుంది. అక్కడ హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ గట్టిగా నిట్టూర్చింది. ఆవిడ ఎన్ని సినిమాలు చూసి ఉంటుందో అందులో.

ఇంక సినిమా మొదట్లో ట్రాఫిక్‌లో ఆగిన కార్ల మీదెక్కి గెంతే పాట తీసిన ర్యాంపు. ఎయిర్‌పోర్టు నుంచి మా ఇంటికి రావాలంటే 105 ఫ్రీవే మీద తూర్పుకి వచ్చి 110 ఎక్కాలి. ఆ రెండూ కలిసేచోట కార్‌పూల్ వాళ్ళ కోసం, అంటే ఒకే కారులో కలిసి వెళ్ళేవాళ్ళ కోసం, బాగా ఎత్తున ఒక ర్యాంపు ఉంటుంది. పైకెక్కాక దూరంగా డౌన్‌టౌన్ భవనాలు కనిపిస్తాయి. 2015 ఆగస్టులో ఒక శని ఆదివారాలు దాన్ని మూసేసి, వంద మందికి పైగా డాన్సర్లతో మండే ఎండలో ఆ పాట తీశారు. ఒకే షాట్‌లా కనిపిస్తుంది గానీ, మూడు ముక్కల్ని అతుకు తెలియకుండా కలిపారు. అంత చెమటలు కక్కించే పాట అయిపోగానే తెర మీద ‘శీతాకాలం’ అని పడుతుంది. లాస్ ఏంజిలిస్‌లో ఉన్నవాళ్ళకి నవ్వొచ్చేది అక్కడే, ఎందుకంటే ఆ ఊళ్ళో చలికాలం ఉందని క్యాలెండర్ చెబితేనే తెలుస్తుంది.

మనకి సినిమాలో పాట రావడానికి కారణం అక్కర్లేదు. హాలీవుడ్‌కి కావాలి. అక్కడ మ్యూజికల్ (పాటలతో కథ నడిపే సినిమా) అంటే చాలావరకు అప్పటికే స్టేజి మీద ఆడి పేరు తెచ్చుకున్నదై ఉండాలి, లేకపోతే కార్టూన్ అయినా అయ్యుండాలి. ఎవరూ వినని కొత్త పాటలతో, అందులోనూ జాజ్ వాయించేవాడి కథతో మామూలు మనుషుల్ని పెట్టి తీస్తానంటే డబ్బు పెట్టేవాళ్ళు ఎవరు? దర్శకుడు డేమియన్ షజెల్ 2010లోనే స్క్రిప్టు రాసుకున్నాడు. మొదట ముందుకొచ్చిన స్టూడియో వాళ్ళు హీరోని జాజ్ నుంచి రాక్ సంగీతానికి మార్చమన్నారు, మొదటి పాట మార్చమన్నారు, ఆ ముగింపు తీసేయమన్నారు. అతను పక్కన పెట్టేసి 2014లో ‘విప్లాష్’ తీశాడు. దానికి మూడు ఆస్కార్లు వచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. మూడు కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా నలభై నాలుగు కోట్ల డాలర్లు దాటింది. సంగీతం ఇచ్చిన జస్టిన్ హర్విట్జ్ కాలేజీలో అతని రూమ్మేటే.

ఒకటో నంబరు నుంచి ఇరవై దాటించడానికి కారణం చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది. ఆ చలికాలమంతా ఎక్కడ చూసినా ఇదే గోల. ఏడు గోల్డెన్ గ్లోబ్‌లకి పోటీపడి ఏడూ కొట్టేసింది. పద్నాలుగు ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుని 1950 నాటి ‘ఆల్ ఎబౌట్ ఈవ్’, 1997 నాటి ‘టైటానిక్’ల సరసన కూర్చుంది. ఆఫీసులో కాఫీ దగ్గర కూడా దీని పాటలు ఈల వేసేవాళ్ళు తయారయ్యారు. 2017 ఫిబ్రవరి 26 రాత్రి ఆస్కార్ వేడుక సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. పొరపాటున ఉత్తమ నటి కవరు చేతికిస్తే వేదిక మీద ఉత్తమ చిత్రంగా ‘లా లా ల్యాండ్’ పేరు చదివేశారు. నిర్మాతలు స్టేజి ఎక్కి ధన్యవాదాలు చెబుతుండగా పొరపాటు బయటపడింది. అసలు విజేత ‘మూన్‌లైట్’ అని మైకులో ప్రకటించింది కూడా ఈ సినిమా నిర్మాతల్లో ఒకరైన జోర్డాన్ హోరోవిట్జే. నేను ఆ వారమే ‘మూన్‌లైట్’ చూశాను. చూశాక ‘లా లా ల్యాండ్’ మీద అకారణంగా కోపం వచ్చింది. హడావుడి మీద చూపించాల్సిన కోపం సినిమా మీద చూపించానని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

2019లో నాన్న రెండు నెలలు ఉండడానికి వచ్చారు. తెనాలి దగ్గర మా ఊళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఒక రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఈ సినిమా పెట్టాను. పావుగంటకే తీర్పు వచ్చేసింది.

“గొంతుల్లేవురా వీళ్ళకి.”

“కావాలనే అలా పాడించారు నాన్నా. మామూలు మనుషులు పాడుకున్నట్టు ఉండాలని.”

“మామూలు మనుషులు పాడేది వినడానికి టిక్కెట్టెందుకు? మన పక్కింటాయన లేడూ?”

పద్యం అందుకుంటే ఆఖరి బెంచీ దాకా వినపడాలనే లోకంలోంచి వచ్చిన మనిషితో ఏం వాదిస్తాం. ఆయన మాటలో నిజముంది కూడా. మియాగా వేసిన ఎమ్మా స్టోన్, సెబాస్టియన్‌గా వేసిన రయాన్ గోస్లింగ్ ఇద్దరివీ సన్నటి గొంతులు. జంటగా పాడేచోట ఒకరినొకరు ఆసరా చేసుకుని నడుస్తున్నట్టు ఉంటుంది. గోస్లింగ్ పియానో మాత్రం నెలల తరబడి నేర్చుకుని తనే వాయించాడు. అది చెప్పగానే నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అక్కణ్ణుంచి మొహాలు చూడటం మానేసి వేళ్ళు చూశారు.

నేను అప్పటికి మూడుసార్లు చూసినా పట్టుకోలేనిది ఆయన పట్టుకున్నారు. సగం దాటాక ఒక సీన్ ఉంటుంది. సెబాస్టియన్ కచేరీల టూర్ నుంచి చెప్పకుండా వచ్చి, ఇంట్లో వంట చేసి మియాని ఆశ్చర్యపరుస్తాడు. రికార్డు ప్లేయర్ మీద మెత్తగా ఏదో నడుస్తుంటుంది. మాటా మాటా పెరుగుతుంది. అనకూడని మాట అతను అనేసే సమయానికి రికార్డు అయిపోయి ఉత్తినే తిరుగుతుంటుంది. నాన్న వెంటనే “పాట ఆగిపోయిందే!” అన్నారు. నా దృష్టి మాటల మీదే ఉంది. ఆయన చెవి మాత్రం వెనక మోగేదాని మీద ఉంది. తర్వాత ఓవెన్‌లో ఏదో మాడి పొగ అలారం మోగుతుంది. ఆ ఇంట్లో ఆ తర్వాత మిగిలిన సంగీతం అదే.

ఆ ఒక్క మాటతో సినిమా అంతా నాకు వేరేగా అర్థమైంది. రెండో సగంలో పాటలు తక్కువని, మధ్యలో చప్పబడిందని నేనే నలుగురికి చెప్పేవాణ్ణి. వరసగా చూడండి. మొదటి అరగంటలో పాట మీద పాట. కొండ మీద సంధ్యవేళ పసుపు గౌనులో మియా చేసే ఆ డాన్స్, అబ్జర్వేటరీలో చుక్కల మధ్య తేలిపోవడం దాకా వాళ్ళకి మాటలకన్నా పాటే సులువు. ఉద్యోగాలు, అద్దెలు, టూర్లు మొదలయ్యాక పాడటం తగ్గిపోతుంది. చివరికి మియా ఆడిషన్‌లో ఒక్కతే నిలబడి పాడే పాట మిగులుతుంది. దాన్ని స్టోన్ షూటింగులోనే పాడింది, ముందుగా రికార్డు చేసింది కాదు. గొంతు వణికినచోట వణికినట్టే ఉంచారు.

ఇప్పుడు ఏడో స్థానానికి అసలు కారణం, అంటే చివరి ఏడు నిమిషాలు. కథ తెలియకూడదనుకుంటే ఈ పేరా, దీని తర్వాతదీ వదిలెయ్యండి. ఐదేళ్ళ తర్వాత మియా పేరున్న నటి. భర్తతో బయటికొచ్చి అనుకోకుండా ఒక క్లబ్‌లోకి వెళ్తుంది. అది సెబాస్టియన్‌ది. అతను ఆమెని చూసి, తొలిసారి ఆమె విన్న ఆ చిన్న ట్యూన్ వాయిస్తాడు. అక్కణ్ణుంచి జరగని జీవితం మొత్తం డాన్సుగా నడుస్తుంది. మొదట్లో భుజం తోసుకుంటూ వెళ్ళిపోయినవాడు ఈసారి ముద్దు పెట్టుకుంటాడు. ఖాళీగా ఉండిపోయిన ఆమె నాటకానికి హాలు నిండుతుంది. పారిస్, పెళ్ళి, బిడ్డ, ఇంట్లో తీసుకున్న పాత వీడియోల్లాంటి దృశ్యాలు. మాటలుండవు.

తెలుగువాళ్ళకి దీన్ని వివరించి చెప్పాల్సిన పనే లేదు. మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్న డ్రీమ్ సాంగే ఇది. మన సినిమాల్లో మామూలుగా అది హీరోయిన్ ఒప్పుకోకముందో, ఒప్పుకున్న వెంటనో వస్తుంది. జరగబోయేదాన్ని ముందే మంచుకొండల్లో ఊహించుకోవడం. షజెల్ అదే పాటని తీసుకెళ్ళి అంతా అయిపోయాక పెట్టాడు. పాట అదే, చోటు మారేసరికి గుండె పట్టేస్తుంది. నాన్న పెద్దగా ఏమీ అనలేదు. “కథంతా ఇంకోసారి చెప్పాడు కదూ, పాటలో” అన్నారంతే. ఇంకో విషయం గమనించండి. ఆ కలలో కూడా చివరికి వాళ్ళిద్దరూ క్లబ్‌లోకి వెళ్ళి కూర్చుంటే పియానో వాయించేది వేరేవాడు. ఆమె దక్కిన లోకంలో అతనికి తన క్లబ్ లేదు.

మరి ఇంత మెచ్చుకుని మొదటి మూడులో ఎందుకు పెట్టలేదంటారా? రెండు లోపాలు నన్ను వదలవు. మియా రాసి, నటించిన ఏకపాత్ర నాటకం కథకి కీలకం. దాంట్లోంచి ఒక్క వాక్యం కూడా మనకి వినిపించరు. ఆమె రాయగలదని మనం సినిమా మాట మీద నమ్మాలి. రెండోది జాజ్. నల్లజాతి వాళ్ళు పుట్టించి పెంచిన సంగీతాన్ని కాపాడే బాధ్యత ఒక తెల్ల కుర్రాడు భుజాన వేసుకుంటాడు, వాళ్ళేమో ఎక్కువగా వెనక నిలబడి వాయిస్తుంటారు. సెబాస్టియన్‌ని తన బ్యాండ్‌లో చేర్చుకునే కీత్‌గా గాయకుడు జాన్ లెజెండ్ వేసిన పాత్ర మాత్రం, పాతదాన్నే పట్టుకు వేలాడితే జాజ్‌ని బతికించేదెలా అని సూటిగా అడుగుతుంది. సినిమాలో నాకు అన్నిటికన్నా సబబుగా తోచిన మాట అది. దానికి జవాబు చెప్పకుండా, కీత్ బ్యాండ్ కచేరీని కాస్త నవ్వులాటగా చూపించి దాటేశారు.

పైన ఉన్న ఆరూ ఏవంటే, ఇరాన్ నుంచి వచ్చిన ‘ఎ సెపరేషన్’ (2011) అన్నిటికన్నా పైన. తర్వాత ‘మూన్‌లైట్’, ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’, ‘పారసైట్’, ‘రోమా’, ‘ది సోషల్ నెట్‌వర్క్’. ‘ఫ్యూరీ రోడ్’ మీద నాతో గొడవపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో అది కూడా ఒకరకం మ్యూజికలే, కాకపోతే పాడేవి ఇంజన్లు. ఆ దశాబ్దపు మ్యూజికల్స్ వరకే అడిగి ఉంటే ‘లా లా ల్యాండ్’కి దరిదాపుల్లో ఇంకోటి లేదు. 2012 నాటి ‘లే మిజరాబ్ల’లో నటులందరి చేతా షూటింగులోనే పాడించారు, ఆ ధైర్యానికి మెచ్చుకున్నాను గానీ రెండోసారి చూడబుద్ధి కాలేదు.

ఆగస్టులో నాన్నని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తుంటే ఆ 110, 105 కలిసేచోటే ట్రాఫిక్ ఆగిపోయింది. ఏసీ వేసుకున్నా అద్దం ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఆయన కాసేపు చుట్టూ చూసి, “ఇదేనా ఆ బ్రిడ్జి? కార్ల మీదెక్కి గెంతింది?” అన్నారు.

“ఇక్కడే నాన్నా. ఇదే నెలలో తీశారు.”

“ఈ ఎండలోనా?”

“ఈ ఎండలోనే.”

“పాపం. అయితే గొంతుల సంగతి వదిలెయ్యి” అన్నారు.